పొట్లకాయకు కట్టిన రాయి

మా ఊరు కోవూరుకి దగ్గర్లో, పెన్న కాలవ కింద ఉంటుంది. ఇంటి వెనక పందిరి మీదకి ఏటా పొట్లపాదు పాకుతుంది. పిందె జానెడు పొడవు రాగానే మా అవ్వ దాని కొసకి ఒక గులకరాయి కట్టేది. కట్టకపోతే కాయ మెలికలు తిరిగిపోతుంది, కడితే తిన్నగా దిగుతుంది. ఎందుకు దిగుతుందని నేను అడిగితే, "బరువుకి రా అబ్బయా, ఇంకేముంది" అంది. ఆ జవాబు నాకు ముప్పై ఏళ్లు సరిపోయింది.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగం, బండ్ల విడిభాగాలు ఎక్కడ విరుగుతాయో కంప్యూటర్‌లో ముందే లెక్కేసి చెప్పడం. ఒక ఇనుప ముక్క మీద ఎంత బరువు పడితే ఏ మూల ఎంత ఒత్తిడి వస్తుందో రోజంతా చూస్తాను. పెరట్లో వేలాడే కాయ గురించి మాత్రం ఒక్కసారీ లెక్క వేయలేదు. పోయినేడు సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ రాళ్లు ఏరుకుంటుంటే, ఏదో తోచక కాగితం, పెన్సిలు తీసుకున్నాను. లెక్క తేలేసరికి అవ్వ చెప్పిన జవాబులో సగమే నిజమని తెలిసింది. ఆ మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

కాయ లావు నాలుగు సెంటీమీటర్లు, రాయి వంద గ్రాములు అనుకుందాం. వంద గ్రాములంటే సుమారు ఒక న్యూటన్ బరువు. దాన్ని కాయ అడ్డుకోత మొత్తం మీద పంచితే 800 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లాగుడు వస్తుంది. ఇప్పుడు కాయ లోపల సంగతి చూడండి. మొక్క కణంలోని నీరు కణకవచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే గోడని, లోపలి నుంచి నెడుతూనే ఉంటుంది. దీన్ని టర్గర్ ప్రెషర్ అంటారు. పెరుగుతున్న కణాల్లో ఇది మామూలుగా కొన్ని లక్షల పాస్కల్స్ ఉంటుంది. 5 లక్షలు అనుకుంటే, కారు టైరులో మనం కొట్టించే గాలికి రెండింతల పైమాటే. లేత పిందె ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది గానీ దానిలో ఒక్కో కణం టైరు కన్నా గట్టిగా బిగిసి ఉంటుంది. 5 లక్షల ముందు మా అవ్వ రాయి 800. ఏనుగు మీద ఈగ వాలినట్టు.

రాయి పనిచేస్తుందన్నది మాత్రం కళ్లారా చూసినదే. కాబట్టి తప్పు నా లెక్కలోనే ఎక్కడో ఉండాలి.

మొదటి తప్పు తొందరగానే దొరికింది. వంగిన కాయకి రాయి కడితే అది కిందికి లాగడమే కాదు, వంపుని విప్పడానికి కూడా చూస్తుంది. వంపు లోపలి పక్కని సాగదీస్తుంది, బయటి పక్కని నొక్కుతుంది. 40 సెంటీమీటర్ల కాయ మధ్యలో 5 సెంటీమీటర్లు పక్కకి ఉబికి ఉందనుకుంటే, ఆ పక్కల మీద పడే ఒత్తిడి సుమారు 8 వేల పాస్కల్స్. (కాయ సొంత బరువు వదిలేశాను, లోపల గింజల చుట్టూ ఉండే బోలుతనం కూడా. పెరటి లెక్కకి ఇది చాలు.) పది రెట్లు పెరిగింది. అయినా 5 లక్షల్లో అరవయ్యో వంతే.

రెండో తప్పు అసలుది. లోపలి ఒత్తిడి మొత్తం పెరుగుదలకి పనికొస్తుందని అనుకున్నాను. 1965లో జేమ్స్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న సమీకరణం రాశాడు. కణకవచం కొంత ఒత్తిడి దాకా ఓర్చుకుంటుంది, శాశ్వతంగా సాగదు. ఆ హద్దు దాటిన మేరకే సాగుతుంది, ఎంత దాటితే అంత వేగంగా. అంతే సమీకరణం. మా ఊరి వాళ్లకి దీన్ని తూముతో చెప్తే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. కాలవలో ఆరడుగుల నీళ్లున్నా, మన పొలంలోకి పారేది తూము గడప మీదున్న నాలుగు వేళ్ల నీళ్లే. ఇంకో వేలు నీరు పెరిగితే కాలవకి అది లెక్కలోకే రాదు. పొలంలోకి వచ్చే నీరు మాత్రం పావు వంతు పైనే పెరుగుతుంది.

కాయ కూడా అంతే. 5 లక్షల్లో 4 లక్షల 50 వేలు గడప అనుకోండి (ఈ అంకె నేను అనుకున్నది, కొలిచింది కాదు). దాటి పారేది 50 వేలు. అప్పుడు రాయి తెచ్చే 8 వేలు చిన్నదేం కాదు. ఒక పక్క 58, ఇంకో పక్క 42. వంపు లోపలి పక్క వేగంగా పెరుగుతుంది, బయటి పక్క నెమ్మదిస్తుంది. ఆ వంపు పూర్తిగా పోవాలంటే రెండు పక్కల పొడవుల్లో పది శాతం తేడా రావాలి. గడప లేదనుకుని లెక్కేస్తే, కాయ పొడవు రెట్టింపయ్యేసరికి వచ్చే తేడా రెండు శాతం. గడప ఉందనుకుంటే ఇరవై పైచిలుకు. నిజానికి కాయ తిన్నబడే కొద్దీ రాయి పట్టు తగ్గుతుంది కాబట్టి అంత రాదు. అయినా చాలినంత వస్తుంది.

అవ్వ "బరువుకి" అన్నది తప్పు కాదు. కానీ ఆ బరువు చాలడానికి కారణం రాయిలో లేదు. అప్పటికే గడప అంచున నిలబడి ఉన్న కాయలో ఉంది.

ఇది నేను ఇంతలా చెప్పడానికి ఒక కారణం ఉంది. మనం పైరు గురించి మాట్లాడేదంతా మేత లెక్కే. ఏం వేశావు, ఎంత వేశావు, ఏ మందు కొట్టావు. చదువుకున్న వాళ్లయితే ఇంకో అడుగు వేసి జన్యువు అంటారు. మొక్కకి ఒక ఆకారం ఉందని, ఆ ఆకారం మీద గాలి, బరువు, లోపలి నీటి నెట్టుడు నిత్యం పనిచేస్తున్నాయని, మొక్క వాటికి బదులిస్తూ పెరుగుతుందని ఎవరూ అనుకోరు. నేను చదువుకున్న బడిలో వృక్షశాస్త్రం బొమ్మలు గీయించింది, పేర్లు బట్టీ పట్టించింది. భౌతికశాస్త్రం పక్క గదిలో స్ప్రింగులకి బరువులు వేలాడదీసింది. రెండు గదుల మధ్య గోడకి తలుపు లేదు.

ఆ తలుపు తీసిన వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు పాల్ గ్రీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఆయన సంగతి చెప్పాలంటే ముందు పురి గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. మా ఇంటి ముందు వడ్లు నిలవ చేయడానికి గడ్డి మోకు పేని, గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల వడ్లు పోసుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ పైకి లేపేవాళ్లు. వడ్లు పక్కలకి నెడతాయి, మోకు ఆపుతుంది. పక్కకి పోనివ్వదు కాబట్టి రాశి పైకే లేస్తుంది. మోకు నిలువుగా కడితే పురి నిమిషంలో పొట్ట పగిలి వాకిలంతా వడ్లే.

పొడవుగా ఉండే కణానిదీ ఇదే సమస్య. గొట్టం ఆకారంలో ఉన్న దేన్నైనా లోపల నుంచి ఒత్తిడి పెడితే, చుట్టూ పడే లాగుడు పొడుగునా పడే లాగుడుకి సరిగ్గా రెండింతలు. బోరు మోటారు పైపు పగిలితే మామూలుగా నిలువునా చీలడం అందుకే. ఈ లెక్కన కణం లావెక్కాలి, పొడవు కాకూడదు. కానీ వేరు, కాడ, పొట్లకాయ అన్నీ పొడవే అవుతున్నాయి. ఎందుకంటే కణకవచంలో సెల్యులోజ్ పోగులు పురి మోకులా అడ్డంగా చుట్టి ఉంటాయి. మరి వాటిని అడ్డంగా చుట్టేదెవరు? గ్రీన్ 1962లో నైటెల్లా అనే నాచు కణాల మీద కోల్చిసిన్ మందు వేసి చూశాడు. పొడవుగా పెరగాల్సిన కణాలు ఉండల్లా ఉబ్బాయి. కణ విభజన సమయంలో కనిపించే కండె పోగులని చెడగొట్టే మందు అది. కాబట్టి అలాంటి పోగులే కవచం పక్కన ఉండి సెల్యులోజ్‌కి దారి చూపిస్తూ ఉండాలని ఊహించాడు. అప్పటికి వాటిని అక్కడ చూసినవాళ్లు లేరు. మరుసటి ఏడాది, 1963లో, లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. సరిగ్గా అక్కడే, అడ్డంగా. వాటికి మైక్రోట్యూబ్యూల్స్ అని పేరు పెట్టారు. సెల్యులోజ్ పేనే యంత్రాలు వాటి వెంబడి కదలడాన్ని జీవించి ఉన్న కణంలో చూసింది మాత్రం 2006లో.

ఇంతవరకు కాగితం, పెన్సిలు చాలు. ఇక్కడి నుంచి చాలవు. పురి చుట్టే మనిషికి కళ్లున్నాయి, ఎటు ఉబుకుతోందో చూసి అటు మోకు బిగిస్తాడు. కణానికి ఎలా తెలుస్తుంది? 2008లో ఒలివియే హమాంట్, యాన్ ట్రాస్, హెన్రిక్ యోన్సన్, ఇలియట్ మెయరోవిట్జ్, ఇంకా కొందరు కలిసి చేసిన పని దీని మీదే. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవాల జాతి మొక్క చిగురు కొనలో, మైక్రోట్యూబ్యూల్స్ ఎక్కువ లాగుడు ఎటు ఉందో అటు తిరుగుతున్నాయని చూపించారు. లేజర్‌తో చిగురులో ఒక కణాన్ని చంపితే, చుట్టుపక్కల కణాల్లో ఆ పోగులు గాయం చుట్టూ వలయంలా సర్దుకున్నాయి. నా ఉద్యోగంలో రేకుకి చిల్లు పెడితే చిల్లు చుట్టూ ఒత్తిడి ఎలా పరుచుకుంటుందో రోజూ చూస్తాను. అదే బొమ్మ. మొదటిసారి చూసినప్పుడు మా ఆఫీసు ఫైలే తెరుచుకుందేమో అనుకున్నాను.

ఇప్పుడు చిక్కు చూడండి. లాగుడు ఎటు ఉంటే మోకు అటు తిరుగుతుంది. మోకు తిరిగిన దిక్కున గోడ గట్టిపడుతుంది. గోడ గట్టిపడితే పెరిగే దిక్కు మారుతుంది. పెరిగే దిక్కు మారితే ఆకారం మారుతుంది. ఆకారం మారితే లాగుడు మారుతుంది. మళ్లీ మొదటికి. పైగా పక్క పక్క కణాలకి గోడ ఉమ్మడి. పెద్దింట్లో అన్నదమ్ముల గోడలా, ఒకడు తన వైపు నెడితే రెండోవాడి గది ఇరుకవుతుంది. ఇలాంటివి కొన్ని వేలు. ఎంతటివాడైనా ఈ గుండ్రాన్ని తలలో తిప్పలేడు. అందుకే కంప్యూటర్. ఫ్యాషన్ కోసం కాదు.

కంప్యూటర్ అనగానే నాకు ఒక చిరాకు ఉంది, అదీ చెప్పాలి. తెర మీద మొక్క పెరిగే వీడియోలు మనవాళ్లు తెగ పంచుకుంటారు. కొమ్మలు చీలుతూ, ఆకులు విచ్చుకుంటూ, అచ్చం నిజంలా. వీటి వెనక చాలాసార్లు ఉండేది, హంగేరీలో పుట్టిన అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో నాచుపోగుల పెరుగుదల కోసం కనిపెట్టిన అక్షరాల ఆట. "అ" ఉన్నచోట "అఆ" రాయి, "ఆ" ఉన్నచోట "అ" రాయి, ఇలా తిరగరాస్తూ పోతే చెట్టు బొమ్మ వస్తుంది. గొప్ప ఆలోచన, కాదనను. కానీ చెట్టులా కనబడే బొమ్మ గీయడం ఒకటి, చెట్టు అలా ఎందుకుందో చెప్పడం ఇంకొకటి. ఆ బొమ్మకి గాలి తగలదు. దానికి రాయి కడితే వంగదు. తప్పయ్యే అవకాశమే లేని మోడల్ నాకు ఏం నేర్పుతుంది?

తప్పయ్యే అవకాశం ఉన్న మోడల్ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఆకు పై పొరని మైక్రోస్కోపులో చూస్తే కణాలు జిగ్సా పజిల్ ముక్కల్లా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ఎందుకిలా అన్నదానికి 2018లో ఒక బృందం మోడల్ కట్టి జవాబిచ్చింది. అన్ని దిక్కులకీ పరుచుకుంటూ పెరిగే పెద్ద కణం నున్నగా ఉంటే దాని నడుమ గోడ విపరీతంగా ఉబుకుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అంచులు గుంటలు పడితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. నిజమైతే, సన్నగా పొడవుగా పెరిగే భాగాల్లో ఈ గుంటల అవసరం ఉండకూడదు. వాళ్లు రకరకాల మొక్కల్లో వెతికి చూశారు, ఎక్కువగా అలాగే ఉంది. అలా లేకపోయి ఉంటే మోడల్ చెత్తబుట్టలోకి పోయేది. అంత తెగింపు ఉండాలి.

అలాగని అన్నీ తేలిపోలేదు. కణం గమనించేది లాగుడునా, లాగుడు వల్ల వచ్చిన సాగుడునా అన్న తగువు ఇంకా నడుస్తోంది. వినడానికి వెంట్రుకలు చీల్చడంలా ఉంటుంది. కానీ అడ్డంగా మోకు చుట్టిన పురిలో ఎక్కువ లాగుడు ఉండేది అడ్డంగా, ఎక్కువ సాగేది నిలువుగా. కణం రెండోదాన్ని చూసి మోకు అటు తిప్పితే బతుకు తలకిందులు. నా ఓటు లాగుడుకే. అయితే లాగుడుని నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు, మనం కొలవగలిగేది సాగుడే. కణం మాత్రం కొలిచేస్తుందంటే ఎలా అని అవతలివాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఇదంతా మా బావకి చెప్పాను. ఆయనకి బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఎరువుల కొట్టు ఉంది. ఓపిగ్గా విని, "దీనివల్ల ఎకరానికి ఇంకో పుట్టి ఎక్కువొస్తుందా బామ్మర్దీ?" అన్నాడు. రాదు బావా అన్నాను. కానీ పోయినేడు మాకు పోయిన పుట్లు ఎందుకు పోయాయో చెప్తుంది.

పోయినేడు మా ఎడగారు (రెండో పంట) వరి పైరు కోతకి పది రోజులుందనగా ఒక రాత్రి గాలీ వానా కొట్టింది. తెల్లారి చూస్తే రెండెకరాలు చాప పరిచినట్టు పడిపోయింది. పడ్డ పైరు కోయడానికి చైన్ మిషన్‌కి గంటలు పెరిగాయి, కింద ఆనుకున్న వెన్నుల్లో మొలకలొచ్చాయి, రంగు మారిందని ధర తగ్గించారు. నాయన గాలిని తిట్టాడు. బావ పొటాష్ వేయలేదన్నాడు. పొటాష్ మాటలో నిజం లేకపోలేదు. కానీ పక్క గట్టు అవతల అదే గాలికి అదే రకం నిలబడే ఉంది. మాకు, వాళ్లకి తేడా యూరియా. మేం ఇంకో విడత చల్లాం. పైరు నల్లగా, ఏపుగా ఎదిగిందని మురిసిపోయాం.

కాడ వంగి విరగకుండా తట్టుకునే శక్తి దాని లావు ఘనంతో పోతుంది. లావు ఇరవై శాతం తగ్గితే శక్తి సగానికి పడిపోతుంది. 0.8ని మూడుసార్లు హెచ్చించి చూసుకోండి. యూరియా ఎక్కువైతే కింది కణుపుల మధ్య కాడ సాగి సన్నబడుతుంది, పైన వెన్ను బరువెక్కుతుంది, మొక్క పొడవు పెరుగుతుంది కాబట్టి గాలికి దొరికే మీట కూడా పొడవవుతుంది. మూడూ ఒకే వైపు తోస్తాయి. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్-8 వరి దేశాన్ని మార్చిందంటే, అందులో సగం ఘనత ఈ మీటని పొట్టి చేయడానిదే. ఎరువు తిని కూడా పడని కాడ అది. మనం దాన్ని ఎక్కువ దిగుబడి వంగడం అని మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

ఇంకో సంగతి ఉంది. మొక్కని గాలి కొట్టిన కొద్దీ అది పొట్టిగా, లావుగా తయారవుతుంది. 1973లో ఎం.జె. జాఫ్ అనే ఆయన రకరకాల మొక్కల కాడల్ని రోజూ కాసేపు వేళ్లతో రుద్ది ఇది చూపించాడు. జపాన్‌లో రైతులు చలికాలంలో గోధుమ, బార్లీ మొలకల్ని కావాలని తొక్కుతారు, ముగిఫుమి అంటారు. మనకి సింగరాయకొండ నుంచి కావలి దాకా తీరం పొడుగునా సరుగుడు తోటలున్నాయి, వెళ్లి చూడండి. సముద్రం వైపు వరసలో చెట్లు పొట్టిగా, బలిసి ఉంటాయి. లోపలి చెట్లు సన్నగా, పొడవుగా. గాలి వల్లే అని తేల్చేయబోయాను. కానీ అంచు వరసకి వెలుతురు కూడా ఎక్కువే, ఉప్పు గాలి కూడా ఎక్కువే. కంటికి మూడూ కలిసే కనబడతాయి. విడదీయాలంటే రెండే దారులు: చెట్టుని తాళ్లతో కట్టి ఊగకుండా ఆపి చూడటం, లేదా ఒక్కొక్కదాన్నీ విడిగా పెట్టి లెక్క కట్టడం. మొదటిది 1954లోనే ఆస్ట్రేలియాలో జేకబ్స్ పైన్ చెట్ల మీద చేశాడు. ఊగని చెట్టు మొదలు దగ్గర సన్నగానే ఉండిపోయింది.

సరుగుడు తోటలోనే మన సామెత కూడా కాస్త తడబడుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. కణకవచం లేతగా ఉన్నప్పుడు సాగుతుంది, ముదిరి లిగ్నిన్ (కలపని గట్టిపరిచే పదార్థం) పట్టాక సాగదు, అంతవరకు సామెతది సరైన బయాలజీ. కానీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి పక్కకి ఒరిగిన సరుగుడు చెట్టు ఒకటి మాకు తెలిసినవాళ్ల తోటలో ఉంది. మొదలు ఇప్పటికీ ఏటవాలే. పైభాగం మాత్రం మెల్లగా లేచి నిటారైంది, మొత్తం కొడవలి ఆకారం. ఒరిగిన మాను పైవైపున ఒక ప్రత్యేకమైన కలప వేస్తుంది. ఆ కలప పోగులు బిగుసుకుంటూ మానుని వెనక్కి లాగుతాయి, మోకు వేసి లాగినట్టు. మానై కూడా వంగుతుంది, తనంతట తాను. పక్కనే ఉన్న కొబ్బరిచెట్టు ఆ పని చేయలేదు. దానికి ఏటేటా కొత్త కలప వేసే పొర లేదు. మొవ్వులో కొత్తగా వచ్చే భాగమే పైకి తిరుగుతుంది, పాత వంపు అలాగే ఉండిపోతుంది. కాలవ గట్టు మీద వంగిన కొబ్బరిచెట్టు చూసి అది ఏ ఎత్తులో ఉన్నప్పుడు ఒరిగిందో చెప్పొచ్చు.

ఇక నా పొట్లకాయ. మోడల్ తప్పయ్యే వీలుండాలని అందరికీ చెప్పేవాడిని, నాదీ పరీక్షకి పెట్టాలి కదా. నా లెక్క నిజమైతే వంపు పోయే వేగం రాయి బరువుని బట్టి ఉండాలి, 50 గ్రాములకి కొంత, 200కి నాలుగింతలు. అలా కాకుండా, రాయి తగిలిందన్న స్పర్శకే కాయ స్పందిస్తుంటే, చిన్న రాయైనా పెద్ద రాయైనా ఒకటే కావాలి. ఇంకోటి, రెండో రోజే రాయి తీసేస్తే, అప్పటికి శాశ్వతంగా సాగింది తక్కువే కాబట్టి, కాయ మళ్లీ కొంత వెనక్కి వంగాలి, ఆరో రోజు తీస్తే వంగకూడదు. ఈ ఏడు ఒకే వయసు పిందెలు ఆరు ఎంచుకున్నాను. రెండింటికి 50, రెండింటికి 200, రెండింటికి ఏమీ కట్టలేదు. రోజూ పొద్దున ఫోటో తీసి పంపమని అమ్మకి చెప్పి చెన్నై వచ్చేశాను.

నాలుగు రోజులు ఫోటోలు బాగానే వచ్చాయి. 200 వేసినవి ముందున్నాయి, 50వి వెనక. ఐదో రోజు ఫోటోలో నాలుగే కాయలున్నాయి. ఫోన్ చేశాను.

"రాయి కట్టనివి రెండూ కోసేశా నాయనా," అంది అమ్మ. "ఎట్టాగూ వంకరే కదా. పాలు పోసి కూర చేశా. మీ బావ కూడా వచ్చిండె, బాగుందన్నాడు."